కర్జకాన్ గేటు దగ్గర నేను చూసింది

మా జిల్లాలో ఒక ఊళ్ళో ఇప్పటికీ ఒక మాట నడుస్తోంది. ఆ ఊరి అల్లుడు దుబాయిలో ఉన్నప్పుడు ప్రతి శుక్రవారం సైకిలు వేసుకుని ఒక ఆడమనిషి దగ్గరికి పోయేవాడని. గల్ఫ్‌లో ఏ దేశమైనా మావాళ్ళకు దుబాయే. మేమున్నది బహ్రెయిన్. ఆ మాటను ఇక్కడినుంచి ఆ ఊరికి మోసుకుపోయింది నేను. అది తప్పు. నేను చూసింది సగమేనని తెలిసి కూడా ఏడాదికి పైగా నోరు మూసుకున్నాను. ఆ మాట వల్ల ఆ మనిషి భార్య పుట్టింట్లోనే ఉండిపోయింది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సల్మాబాద్ క్యాంపులో మా గదిలో ఎనిమిది మంచాలు. నేను కంపెనీ పికప్ నడుపుతాను. అతను స్కాఫోల్డింగ్ పనికి వచ్చినవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. ఇక్కడికి రాకముందు సైకిలు మీద ఊరూరా తిరిగి ప్లాస్టిక్ సామాన్లు అమ్మేవాడట. బిందెలు, మగ్గులు, చాటలు. ఆ సంగతి నాకు మొదటి నెలలోనే చెప్పాడు. కానీ అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

వచ్చిన రెండో ఏడు ఉమ్మ్ అల్ హస్సామ్‌లో పాత సామాన్ల దుకాణంలో ఒక సైకిలు కొన్నాడు. దాన్ని పికప్‌లో వేసుకుని క్యాంపుకు తెచ్చింది నేనే. వర్క్‌షాపులో ఇనుప ముక్కలు అడుక్కుని దానికి వెనక ఒక పెద్ద క్యారేజీ కట్టుకున్నాడు. మా వైపు బిందెలవాళ్ళు కట్టుకునేలాంటిది, మంచమంత వెడల్పు. దాని మీద ఒక నీళ్ళ క్యాను తప్ప ఏమీ పెట్టేవాడు కాదు.

క్యాంపులో శుక్రవారం అంటే ఏమిటో లోపలున్న వాళ్ళకే తెలుస్తుంది. బట్టలు ఉతుక్కుంటారు, కోడికూర వండుకుంటారు, ఇంటికి వీడియో కాల్ చేస్తారు, పడుకుంటారు. ఆరు రోజులు ఎండలో నిలబడ్డ మనిషి ఏడో రోజు ఊరికే ఎండలోకి పోడు. పోయాడంటే ఏదో ఉన్నట్టే. బయటి పని కావచ్చు, కార్లు కడగడం కావచ్చు, చెప్పుకోరాని ఇంకేదో కావచ్చు. అతను మాత్రం పొద్దున ఆరింటికి పోయి మధ్యాహ్నం దాటాక వచ్చేవాడు. ముఖం నల్లగా కమిలిపోయి, కళ్ళు మాత్రం మెరుస్తూ.

"ఎవల కార్లు కడుగుతున్నవ్ తమ్మీ?" అని అడిగాను ఒకసారి.

"ఎవలయి లేవన్నా. ఊకెనే తిరిగొస్తున్న."

"ఊకెనే ఎవడన్న ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కుతడా?"

"తొక్కిన. దుమిస్తాన్ దాక పోయిన. మస్తుగున్నది, తోటలున్నయ్."

పై మంచం మీద పడుకున్నతను నవ్వాడు. "దేశం కొలుస్తున్నడన్నా. వీసా ఇచ్చిన కఫీల్ పేరు మీద పట్టా చేపిస్తడట."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నేనూ నవ్వాను గానీ నమ్మలేదు. ఎందుకంటే ఆ పొద్దునే నేను చూసింది వేరు. దుప్పటి గడ్డం దాకా కప్పుకుని, పడుకునే ఉండి భార్యకు కాల్ చేశాడు. "ఇగ పండుకుంటనే. ఒళ్ళంత నొస్తున్నది. పొద్దుమూకి మాట్లాడుత" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. దుప్పటి తీశాడు. లోపల ప్యాంటు, చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. బూట్లు తొడుక్కుని పోయాడు.

పెండ్లానికి అబద్ధం చెప్పి పోయేవాడు ఊరికే పోతాడా? నా లెక్క అది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాదంతా మళ్ళీ సగం నిజమే అవుతుంది. శుక్రవారం నేనూ పడుకునేవాణ్ణి కాదు. టైర్లకు గాలి కొట్టించుకొస్తానని తాళాలు తీసుకుని, కంపెనీ పికప్‌లో ఇళ్ళు మారేవాళ్ళ సామాన్ మోసేవాణ్ణి. సోఫాలు, ఫ్రిజ్‌లు, బీరువాలు. కంపెనీకి తెలిస్తే ఖలాస్, తెల్లారి విమానం ఎక్కించేవాళ్ళు. గదిలో ఎవరికీ తెలియదని నా ధైర్యం.

ఒక శుక్రవారం బుదయ్యా రోడ్డు మీద, వెనక ఎర్ర సోఫా కట్టుకుని సిగ్నల్ దగ్గర ఆగాను. పక్కన సైకిలు వచ్చి ఆగింది. అతనే. తలకు తడి తువ్వాలు. నా వైపు చూశాడు, సోఫా వైపు చూశాడు, చెయ్యి ఊపాడు. సిగ్నల్ పడగానే ముందుకు పోయాడు.

ఆ సాయంత్రం గదిలో అతను ఆ ఊసే ఎత్తలేదు. మర్నాడు కూడా ఎత్తలేదు. ఎత్తితే నేను ఏదో ఒకటి చెప్పుకుని తేలికపడేవాణ్ణి. ఎత్తకపోవడం నన్ను తినేసింది. దాచుకుంటున్నాడు, సమయం చూసి క్యాంపు బాసుకు చెబుతాడు అనుకున్నాను. అసలు ఆ సైకిలే అందుకోసం కొన్నాడేమో, ఎవరెవరు బయట పని చేస్తున్నారో చూసి రమ్మని కంపెనీయే తిప్పుతోందేమో అని కూడా అనుకున్నాను.

అతను స్నానానికి పోయినప్పుడు దిండు కింద చెయ్యి పెట్టాను. చిన్న నోటుబుక్కు దొరికింది. తెలుగులో ఊళ్ళ పేర్లు, పక్కన టిక్కులు. దిరాజ్, బుదయ్యా, జనబియా, హమలా, దుమిస్తాన్. బుదయ్యా పక్కన 'అన్న కనబడ్డడు' అని ఉంది.  కర్జకాన్ అని మాత్రం రెండుసార్లు రాసి ఉంది, రెండోసారి రాసినదాని కింద గీత. మళ్ళీ కర్జకాన్ పోతాడన్నమాట. అక్కడ ఏమున్నదో చూడాలనుకున్నాను. చూస్తే అతని గుట్టు నా చేతిలో ఉంటుంది, నా గుట్టు అతని చేతిలో ఉన్నట్టు. నన్ను అతని వెంట పంపింది ఆ ఆలోచనే.

ఆ వచ్చే శుక్రవారం నాకు హమలాలో ఒక లోడు ఉంది. గంట ముందే బయల్దేరి, అతని వెనకాల దూరం పాటిస్తూ పోయాను. సైకిలు వెనక పికప్ నడపడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. ఆగుతూ, బోనెట్ ఎత్తి చూస్తున్నట్టు నటిస్తూ, మళ్ళీ కదులుతూ. కర్జకాన్‌లో సందు మలుపులో అతను కనబడకుండా పోయాడు. రెండు చుట్లు తిరిగాను. మూడో చుట్టులో ఖర్జూరపు చెట్లున్న ఒక గోడ పక్కన గేటు తెరిచి ఉంది. గేటు లోపల అతను.

చొక్కా లేదు. వంగి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఒక ఆడమనిషి, మన మనిషే, నైటీ మీద తువ్వాలు వేసుకుని నిలబడి ఉంది. ఆమె ఒక బకెట్ తెచ్చి అతని ముందు పెట్టింది. తెల్లటి పెయింటు డబ్బా బకెట్, పట్టుకునే కమ్మీ ఊడిపోతే దాని బదులు ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంది. అతను దాంట్లో చేతులు పెట్టాడు. ఆమె ఏదో అంది. ఇద్దరూ నవ్వారు.

అంతే. అంతకంటే ఒక్క క్షణం ఎక్కువ చూడలేదు. హమలా లోడుకు టైమవుతోంది. పైగా చూడవలసింది చూశాననుకున్నాను. ఒంటిమీద చొక్కా లేని మగవాడు, నీళ్ళు తెచ్చిచ్చే ఆడమనిషి, నవ్వులు. పెండ్లానికి పండుకుంటున్నానని చెప్పి వచ్చిన మనిషి. ఇంకేం కావాలి?

రెండు నెలలకు నాకు లీవు వచ్చింది. ఇంటికి పోయేవాడి చేతికి గదిలో వాళ్ళంతా కార్టన్లు ఇస్తారు. తాళ్ళతో కట్టి, స్కెచ్ పెన్నుతో పేరు, ఊరు రాసి. అతనూ ఇచ్చాడు. దుప్పటి, సెంటు సీసాలు, పాల పొడి, ఒక డబ్బా ఖర్జూరాలు. "అన్నా, ఖర్జూరాలు పైన పెట్టిన. పిల్లకు జెప్పు, నేను ఏరి పంపిన అని" అన్నాడు.

కార్టన్ తెచ్చినవాడికి మా దగ్గర ఒక మర్యాద ఉంది. మంచం వాల్చి కూర్చోబెడతారు, కోడిని కోస్తారు, కల్లు తెప్పిస్తారు. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. మనిషి ఎట్లున్నాడు, చిక్కిండా, తింటున్నాడా, తాగుతున్నాడా అని అడుగుతారు. ఫోన్‌లో రోజూ ముఖం చూసినా సరే, కార్టన్ తెచ్చినవాడు చెప్పేదాకా నమ్మకం కుదరదు. ఫోన్‌లో మనిషి తన సంగతి తానే చెప్పుకుంటాడు. మేం చూసి వచ్చినవాళ్ళం. ఆ మంచం మీద మేం ఏది చెబితే అది సాక్ష్యం.

అప్పుడు అతని భార్య, తల్లికి బాగాలేదని పుట్టింట్లో ఉంది. కార్టన్ అక్కడికే తీసుకుపోయాను. ఆమె అన్న నన్ను చెట్ల వైపు తీసుకుపోయి కల్లు పోశాడు.

"మా బావ ఎట్లున్నడే? వారం వారం పండుకునుడేనట గదా. పానం బాగలేదా ఏంది?" అన్నాడు.

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"పండుకునుడా? ఎవలు జెప్పిండ్రు? శుక్కురారం వస్తె గదిల ఉండనే ఉండడు."

"మరి యాడికి వోతడు?"

"గవన్ని నన్నడుగకు. కర్జకాన్ అని ఒక ఊరున్నది. మీ బావను జెర చూస్కోర్రి అంటున్న, అంతే."

"ఆడిదేమన్న ఉన్నదా?"

నేను లేదనలేదు. ఉందని కూడా అనలేదు. గ్లాసు కింద పెట్టి, "నా కండ్లతోని చూసిన" అన్నాను. ఏం చూశానో అతను అడగలేదు, నేను చెప్పలేదు. మేం ఇంట్లోకి వచ్చేసరికి ఆమె ఖర్జూరాల డబ్బా మూత తీసి పక్కింటి వాళ్ళకు పంచుతోంది.

ఎందుకు చెప్పాను? అతను ముందుగా నా సంగతి చెబితే, రంకు పట్టుబడ్డ కోపంతో చెబుతున్నాడని అందరూ అనుకోవాలని. ఇంత చిన్న కారణం. అతను చెప్పలేదు. ఏనాడూ చెప్పలేదు.

నేను తిరిగి క్యాంపుకు వచ్చేసరికి అతని భార్య ఫోన్ ఎత్తడం మానేసింది. ఎత్తినప్పుడు ఒకటే ప్రశ్నట. "శుక్కురారం పండుకుంటున్న అన్నవా లేదా? పండుకున్నవా?" అతను లేదని ఒప్పుకున్నాడు. ఒక అబద్ధం ఒప్పుకున్నాక మిగతా నిజమంతా ఆమెకు అబద్ధంలాగే వినబడింది. సైకిలు తొక్కుతున్నానంటే ఎవరు నమ్ముతారు? నేను నమ్మానా?

ఒకరోజు నా మంచం అంచున కూర్చున్నాడు. "అన్నా, కార్టన్ ఇచ్చినప్పుడు నువ్వేమన్న అన్నవా?"

"నేనేమంట తమ్మీ? బాగున్నడని జెప్పిన."

నా ముఖంలోకి చూశాడు. నేను ఫోన్‌లోకి చూశాను. 

నెల తిరక్కుండానే పని వదులుకుని ఊరికి పోయాడు. పోయే ముందు సైకిలు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "తూర్పు దిక్కు జౌ ఊరి నుంచి అటు మిగిలింది. తక్కినదంత తిరిగిన. నువ్వన్న తొక్కన్నా" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడా, తెలిసే అంటున్నాడా అని చాలా రోజులు ఆలోచించాను. అనుమానం అలవాటైతే మంచిమాటను కూడా తిరగేసి చూస్తాం.

సైకిలు క్యాంపు గోడకు ఏడాది పైగా అలాగే నిలబడింది. పోయిన ఎండాకాలం అమ్మేద్దామని పికప్‌లో వేసుకున్నాను. దారిలో సీఫ్‌లో ఒక మాల్ దగ్గర మా కంపెనీ క్లీనింగ్ సామాన్ దించాలి. దించుతుంటే యూనిఫాం వేసుకున్న ఒకామె వచ్చి సైకిలు చుట్టూ తిరిగింది. క్యారేజీ మీద చెయ్యి పెట్టింది.

"ఏవండీ, ఈ సైకిలు ఆయనదేనా? తెలంగాణ ఆయన, బిందెలమ్మేవోరు?"

ముఖం గుర్తుపట్టలేదు గానీ నవ్వు గుర్తుపట్టాను.  నీకెట్లా తెలుసని అడిగాను.

"నేను కర్జకాన్‌లో ఇంటిపని చేసేదాన్నండీ. మా గేటు ముందే టైరు పంచరై కూలబడిపోయాడు పాపం. ఎండకి చొక్కా తడుపుకుని నెత్తిన వేసుకున్నాడు. ట్యూబు ముంచి చూసుకోడానికి బకెట్‌తో నీళ్ళడిగితే ఇచ్చానండి. బుడగలెక్కడా రావట్లేదంటాడు, వేలు పెట్టి మూసేసింది ఆయనే, రంధ్రం మీద! ఎంత నవ్వొచ్చిందో."

"మళ్ళ వచ్చిండా?"

"అంతకుముందు వారం కూడా ఆగాడండి, మంచినీళ్ళకి. ఈ రెండోసారి మా మేడం పాత పంపు తెప్పించి ఇచ్చి, చెట్టు కాయలు కూడా ఏరుకోమంది. వాళ్ళ పాపకంటూ ఒక్కోటీ తుడిచి ఏరాడండి. అన్నేళ్ళు బరువు వేసుకుని తొక్కాడంట, ఒక్కసారైనా ఎవరికీ ఏమీ అమ్మకుండా తిరగాలని ఉండేదంట. ఇంటావిడకి చెబితే రోడ్ల మీద కార్లెక్కువని కంగారు పడుద్దని పడుకున్నానని చెప్తానన్నాడు. అబద్ధం ఎందుకండీ చెప్పెయ్యండి అని తిట్టాను కూడాను. చెప్పాడా?"

చెప్పాడన్నాను. సైకిలు అమ్మకుండా వెనక్కి తెచ్చాను.

ట్యూబు. ఆ బకెట్లో అతని చేతుల మధ్య ఉన్నది సైకిలు ట్యూబు. గేటు తలుపు చాటున సైకిలు పడుకోబెట్టి ఉంటుంది. నాలుగడుగులు ముందుకు వేసి ఉంటే కనబడేది.

ఆమె చేత ఫోన్ చేయిద్దామా అనుకున్నాను. అది మంట మీద కిరసనాయిలు పోయడమే అవుతుందనిపించి, నేనే చేశాను. అతని భార్యకు. ఇంకా పుట్టింట్లోనే ఉంది. అతను మళ్ళీ సైకిలు మీద బిందెలు అమ్ముతున్నాడని, చుట్టూ పదూళ్ళు తిరుగుతాడు గానీ ఆ ఒక్క ఊళ్ళోకి రాడని అప్పటికే విన్నాను.

"చెల్లె, నేను జెప్పింది తప్పు. ఆయన ఏ తప్పు చెయ్యలె" అన్నాను.

ఆమె గొంతు చల్లగా ఉంది. "ఎవలు జెప్పుమన్నరన్నా నీకు? ఆయనేనా?"

"ఎవలు జెప్పుమనలె. నాకే ఎరుకైంది."

"అప్పుడు కండ్లతోని చూసిన అన్నవట. ఇప్పుడు చూడలేదంటున్నవ్. ఏ నోరు నమ్మాలె నేను?"

ఫోన్ పెట్టేసింది. ఆమెది తప్పని అనలేను. నేను నేర్పిందే ఆమె నా మీద వాడింది.

మూడు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. నేను అతని గురించి చెప్పాను, నా గురించి చెప్పలేదు. మళ్ళీ చేశాను. కంపెనీ బండిలో దొంగతనంగా లోడ్లు తోలిన సంగతి, ఎర్ర సోఫా, సిగ్నల్, దిండు కింద నోటుబుక్కు, వెంబడి పోవడం, గేటు లోపల ఆమె బకెట్‌తో నీళ్ళివ్వడం, చెట్ల కింద కల్లు, ఎందుకు అన్నానో అదీ, అతను అడిగితే కాదని బొంకిందీ.  పెట్టేసిందేమోనని రెండుసార్లు ఫోన్ చూసుకున్నాను.

"నీ కొలువు వోదా ఇదంత తెలిస్తె?" అంది చివరికి.

"పోతె పోనియ్. ఆ పని ఎప్పుడో బంద్ చేసిన. అయినా చేసింది చేసిందే."

 తర్వాత అడిగింది. పోలీసులు అడిగినట్టే.

"బకెట్‌తోని నీళ్ళిచ్చింది అన్నవ్. అది ఎసొంటి బకెట్?"

"పెయింట్ డబ్బా. తెల్లది."

"కమ్మీ ఉండెనా?"

"లేకుండె. గుడ్డ పీలిక కట్టి ఉండె."

"ఏ రంగుది?"

"ఎర్రది."

అటువైపు కోడి అరుపు వినబడింది, ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు. 

"ఇంటికొచ్చిన దినమే జెప్పిండు నాకు, బకెట్‌కు ఎర్ర పీలిక కట్టి ఉండెనని, ట్యూబు ముంచిననని. ఇంత వివరంగ జెప్తున్నడంటె అల్లుకుని వచ్చిండు అనుకున్న" అంది. "ఇద్దరు కలిసి అనుకోలేదు గదా మీరు?"

"నాతోని ఆయన మాట్లాడక ఏడాది దాటిందమ్మా."

"ఊఁ" అంది. నమ్మినట్టా కాదా నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. "నేను అడిగిన్నని జెప్పకు ఆయనకు" అంది. తర్వాత, "మా అమ్మకు బిందె కావాలె. అటు దిక్కు వస్తున్నడట గదా, ఈ ఊరికి గూడ రమ్మను. వాకిట్ల దాకనే. బిందె కొనుక్కుంటం, అంతే" అంది.

అతనికి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు గానీ హలో అనలేదు. ముందు నా తప్పు చెప్పుకున్నాను.  ఆ తర్వాత ఆమె చెప్పమన్నది చెప్పాను. బిందె కావాలట, వాకిట్ల దాకనే అట, కొనుక్కుంటారట, అంతేనట. ఈసారి ఒక్క మాట కలపలేదు.